క్లచ్ ఇంట్లోనే మార్చండి, కాపురం నిలబెట్టుకోండి

పెళ్లయిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా మోటార్‌సైకిల్ క్లచ్‌ని సొంత ఇంట్లో, సొంత చేతులతో మార్చి తీరాలని ప్రభుత్వం చట్టం చేయాలి! మార్చనివాడికి వీసా రెన్యూ చేయకూడదు. సరదాకి అనడం లేదు. కిందటి మే నెల బ్యాంక్ హాలిడేకి మూడు రోజులూ ఆ మహాకార్యంలో గడిపి, గోళ్లలో ఇంకా నలుపు వదలని మనిషిగా చెబుతున్నాను.

గ్యారేజీలుండగా ఇదేం ఖర్మ అంటారా? అక్కడే మీరు పొరబడుతున్నారు. గ్యారేజీ వాడికి బండి అప్పగిస్తే మీకు మిగిలేదేమిటి? బాగుపడిన బండి, అంతే! జ్ఞానమంతా వాడి దగ్గరే ఉండిపోతుంది. పైగా ఇంగ్లండులోని మా కోవెంట్రీలో గ్యారేజీకి ఫోన్ చేస్తే మూడు వారాలాగి రమ్మన్నాడు. మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, కూడా సరిగ్గా అంతే అంటాడు. జలుబుకీ క్లచ్‌కీ ఈ దేశంలో ఒకటే మర్యాద.

ఇక నా అర్హత సంగతి. ఇదే ఊళ్లో ఒక విడిభాగాల కంపెనీలో, క్లచ్ విభాగంలో, పదకొండేళ్లుగా ఇంజనీరుని. కంప్యూటర్ తెర మీద క్లచ్‌ని మౌస్‌తో ఎటు కావాలంటే అటు తిప్పగలను. నిలువునా కోసి, లోపలి భాగాలకి రంగులు వేసి చూపించగలను. మా తెలుగు సంఘంలో ఎవరి బండి మొరాయించినా ముందు ఫోన్ నాకే వస్తుంది. అరగంట ఓపిగ్గా సిద్ధాంతమంతా చెప్పి, చివర్లో గ్యారేజీలో చూపించుకోమంటాను.

నా బండి క్లచ్ అరిగింది కేవలం నా జాగ్రత్త వల్ల. ఈ ఊళ్లో రౌండెబౌట్లకి కొదవ లేదు కదా, ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని రెండు వేళ్లు ఎప్పుడూ లీవర్ మీదే ఉంచుతాను. వేళ్లు తీయండి, అరిగిపోతుందని వెనక కూర్చున్న మా ఆవిడ నిర్మలాదేవి నాలుగేళ్లుగా అంటూనే ఉంది. ఆవిడ హాస్పిటల్లో ఆపరేషన్ థియేటర్ నర్సు. మోకాళ్లు మార్చే చోట పనిచేసే మనిషికి క్లచ్ సంగతేం తెలుస్తుందని నేను పట్టించుకోలేదు.

ఎర్లీ షిఫ్టు ఉన్న రోజు ఆవిడ ఏడుంపావుకల్లా హాస్పిటల్లో ఉండాలి. ఆ వేళకి మా వైపు బస్సు రావచ్చు, రాకపోవచ్చు. మాకు కారు లేదు. అందుకని మార్చిలో ఒకరోజు ట్రైనింగ్‌కి వెళ్లి బండి నడిపే సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఎల్ బోర్డు కూడా కొనుక్కుంది. మాది నూట పాతిక సీసీ బండే కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. నేనే ఒప్పుకోలేదు! క్లచ్ చాలా సున్నితమైన వస్తువనీ, దాని మనసు తెలియడానికి ఏళ్లు పడుతుందనీ నచ్చజెప్పి, తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను.

క్లచ్ పూర్తిగా పాడైన శుక్రవారం నాడు ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. సోమవారం సాయంత్రంలోగా నేను బిగించి నడిపిస్తే బండి నాది. లేదంటే తాళంచెవి ఆవిడది, బస్సు పాసు నాది. పదకొండేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నవ్వి ఒప్పుకున్నాను.

ఇక లాభాలు చూడండి! శనివారం ఇంటి ముందు పాత చాప పరిచి బండి విప్పడం మొదలుపెట్టానో లేదో, ఎనిమిదేళ్లుగా వాన గురించి తప్ప మాట్లాడని పక్కింటి పెద్దాయన బయటికి వచ్చాడు. ఇది రోజంతా సాగుతుందా అని అడిగాడు. ఇంత ఆత్మీయంగా ఆయన నన్నెప్పుడూ పలకరించలేదు.

ఆ వారాంతంలో మాకు మూడు పుట్టినరోజు పార్టీలకి పిలుపులున్నాయి. వెళ్లకుండా తప్పించుకోవడానికి మీరెన్ని అబద్ధాలు ఆడాల్సి వస్తుంది? నేను నల్లటి చేతుల ఫోటో ఒకటి పంపాను. మూడు ఇళ్ల వాళ్లూ జాలిపడ్డారు.

వంటింటికి కూడా కొత్త ప్రాణం వచ్చింది. ఇడ్లీ ప్లేట్లు కనిపెట్టినవాడి మనసులో ఉన్నది బోల్టులేనని నా గట్టి నమ్మకం. ఒక్కో గుంటలో ఒక్కో రకం, ఎంత ముచ్చటగా కూర్చున్నాయని! క్లచ్ మూత అంచున అంటుకుపోయిన పాత సీలు గీకడానికి అట్లకాడని మించిన పనిముట్టు లేదు. కొత్త క్లచ్ ప్లేట్లని బిగించేముందు ఇంజన్ ఆయిల్లో నానబెట్టాలి. ఆవకాయ కలిపే బేసిన్లో రాత్రంతా నానబెట్టాను. రోజూ మినప్పప్పు నానే ఇంట్లో ఇందులో వింతేముంది? ఆవిడ బేసిన్‌ని చూసింది, నన్ను చూసింది, డ్యూటీకి వెళ్లిపోయింది.

యూట్యూబ్‌లో ఒకాయన ఈ పనంతా ఇరవై నిమిషాల్లో ముగించాడు. నాకు మూడో రోజు సాయంత్రం నాలుగైంది. కానీ మూత బిగించేశాను! ఇడ్లీ ప్లేటులో మాత్రం ఒకటి మిగిలింది, రూపాయి బిళ్లంత బేరింగు. నేను కంగారుపడలేదు. పెద్ద కంపెనీలు అన్నీ ఒకటి ఎక్కువే వేస్తాయి. ఇంజనీరింగ్‌లో దాన్ని సేఫ్టీ ఫ్యాక్టర్ అంటారు.

మా అమ్మాయి వర్షితకి పన్నెండేళ్లు. ఈ చారిత్రక ఘట్టాన్ని ఫోన్లో వీడియో తీయమన్నాను. బండెక్కి, క్లచ్ నొక్కి, మొదటి గేరు వేసి, స్టార్టర్ నొక్కాను. క్లచ్ లీవర్ ఊడబోయే పన్నులా చేతిలో ఆడింది. బండి ఒక్క గెంతు గెంతి రీసైక్లింగ్ బిన్‌ని గుద్దింది. పాల సీసాలు రోడ్డంతా దొర్లాయి.

“డాడ్, ఐ డోంట్ థింక్ ఇట్స్ సపోజ్డ్ టు డూ దట్” అంది వర్షిత, వీడియో ఆపకుండానే.

సరిగ్గా అప్పుడే నిర్మలాదేవి షిఫ్టు ముగించుకుని వచ్చింది. అరవలేదు. సీసాలు ఏరి బిన్‌లో వేసి, ఇడ్లీ ప్లేటు వైపు చూసింది.

“ఎన్ని తీసిన్రు?” అని అడిగింది.

లెక్కపెట్టలేదన్నాను.

“లెక్క లేకుంట మూత ఎట్ల పెట్టిన్రు?”

వాళ్ల థియేటర్లో కుట్లు వేసేముందు కత్తెరలూ దూదులూ గుడ్డముక్కలూ ఇద్దరు కలిసి పైకి చదువుతూ లెక్కపెడతారట. ఒక్కటి తేడా వచ్చినా ఎంత పెద్ద సర్జన్ అయినా సూది పట్టుకోవడానికి వీల్లేదట.

“థియేటర్ల మనిషి లోపల మిగిలితే తప్పు. ఇక్కడ బయట మిగిలితే తప్పు. లెక్కవెట్టకపోవుడు యాడైనా తప్పే” అని, నీలం గ్లోవ్స్ తొడుక్కుని చాప మీద కూర్చుంది. “నేను లెక్కవెడ్త, మీరు అందియ్యున్రి.”

అంతా మళ్లీ విప్పాం. ఆవిడకి ఒక్కదాని పేరూ తెలియదు. గుండ్రంది ఒకటి, పొడుగుది ఒకటి, స్ప్రింగులు నాలుగు అంటూ తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చింది. నేను రంగుల బొమ్మలో వెయ్యిసార్లు చూసిన బేరింగు ఎక్కడ కూర్చోవాలో ఆవిడకి ఖాళీ చూడగానే తెలిసిపోయింది. ఆరున్నరకల్లా మూత పడింది. గుడ్డ మీద ఏమీ మిగల్లేదు. ఎల్ బోర్డు కట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. రెండు వేళ్లు లీవర్ మీద పెట్టలేదు.

సాయంత్రం లోపే నేను కూడా బండి నడిపించానని వాదించాను. ఎందాక అని అడిగింది. బిన్ దాకా అని ఒప్పుకోక తప్పలేదు.

నెల రోజులుగా బస్సులో వెళ్తున్నాను. బస్సు ఎంత హాయో మీకు తెలుసా? క్లచ్ గురించి బెంగ లేదు. స్టాపులో నిలబడినంతసేపూ ఆలోచించుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆలోచించడం తప్ప వేరే పనేమీ ఉండదు.

అక్కడితో ఆగినా బావుండేది. వర్షిత తీసిన వీడియో తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఎలా వెళ్లిందో వెళ్లింది. మొన్న శనివారం సంఘం కార్యదర్శి గోపాల్‌రావు ఫోన్ చేశాడు. ఎనిమిదేళ్లుగా నన్ను తప్ప ఇంకొకర్ని అడగని మనిషి. బండికి గేరు పడటం లేదన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని రాపిడి దగ్గర నుంచి మొదలుపెట్టాను. పావుగంట మర్యాదగా విన్నాడు.

“అన్నా, అదంత మంచిగనే ఉంది గని, వదిన ఉన్నదా? ఒకపారి ఫోన్ ఇస్తవా?” అన్నాడు.

డ్యూటీలో ఉంది, ఎనిమిదింటికి వస్తుందన్నాను. ఎనిమిదింపావుకి చేస్తానని పెట్టేశాడు. పదకొండేళ్లలో నా మనసు అంతగా ఎప్పుడూ చిన్నబోలేదు.

అయినా నా మాట మీద నేనున్నాను. క్లచ్ ఇంట్లోనే మార్చండి! కాకపోతే ఆవిడ డ్యూటీకి వెళ్లాక మొదలుపెట్టండి, తిరిగొచ్చేలోగా ఎవరూ చూడకుండా బండిని గ్యారేజీకి తోసుకెళ్లండి.