వంటింట్లోంచి వెళ్లిన సరిహద్దు

ఆ పొద్దున్న జాబెజ్ టర్నెల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కొండవాలున ఉన్న తన కట్టెల అడవిలో సగం పొరుగు రైతు ఎలిఫలెట్ క్రేన్‌కి ఇచ్చేయాలి. బదులుగా క్రేన్ పొలం అంచునున్న ఊట పుచ్చుకోవాలి. చీకటి పడేలోగా సొంత ఊటలో ఆవులకు నీళ్లు పట్టాలి. వానల్లేక జాబెజ్ బావి ఎండిపోయి నెల దాటింది. భార్య కెజయా కావడి భుజాన వేసుకుని ఏటి దాకా పోయి వస్తోంది. ఉన్న రెండు ఆవుల్లో ఒకటి పాలివ్వడం మానేసింది, రెండోది ఆ ఆలోచనలోనే ఉంది. ఊట దొరక్కపోతే చలికాలం రాకముందే రెండింటినీ కోసుకోవాల్సిందే.

భూమి కొలవడానికి కెప్టెన్ ఆసహెల్ రూట్ వస్తున్నాడు. ఏ యుద్ధంలో కెప్టెనో ఆ లోయలో ఎవరూ అడగలేదు. కనెక్టికట్ నదికి ఈవలి ఒడ్డున దిక్సూచి ఉన్నవాడు ఆయనొక్కడే కాబట్టి అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

"ఆయన కడుపు నిండుగా ఉంటే గీత చక్కగా వస్తుందని అందరూ అంటారు," అంది కెజయా, పంది మాంసం వేసి ఉడికించిన చిక్కుడు గింజల ఇనప కుండ మొగుడి చేతికిస్తూ. "పక్కనే నిలబడు. నోరు ఖాళీగా ఉండనివ్వకు."

"నేనేం పసివాణ్నా? నాకు తెలీదూ?" అన్నాడు జాబెజ్.

పొలం మూల రాతిగుట్ట దగ్గర అందరూ కలిశారు. సరిహద్దు అక్కణ్నుంచి నేరుగా ఉత్తరానికి, ఒక తెల్ల ఓక్ చెట్టు దాకా పోవాలని తాతలనాటి మాట. గీతకు పడమర క్రేన్‌ది, తూర్పు జాబెజ్‌ది. ఆ ఓక్ ఏనాడో గాలివానకు కూలిపోయింది. అదెక్కడ ఉండేదో చెప్పగలిగినవాళ్లు సమాధుల్లో ఉన్నారు. ఊట క్రేన్‌దని మాత్రం అందరూ అనుకునేవారు, ముఖ్యంగా క్రేన్.

కెప్టెన్ కర్ర పాతి దిక్సూచి బిగించాడు. "ముల్లు దగ్గర ఇనుము ఉండకూడదు. గొడ్డళ్లు, కత్తులు అన్నీ అవతల పారేయండి!" అని గద్దించాడు. క్రేన్ కొడవలి పెట్టేశాడు. నేల కొలిచే గొలుసు పట్టడానికి వచ్చిన స్టెబిన్స్ అన్నదమ్ములు గొడ్డళ్లు పెట్టేశారు. జాబెజ్ గొడ్డలి, చాకు పెట్టేసి, అది చాలదేమోనని చెప్పుల బకిల్సు కూడా ఊడదీసి పెట్టి, కుండ ఎత్తుకుని వచ్చి కెప్టెన్‌కి కుడి పక్కన నిలబడ్డాడు. కుడి పక్క తూర్పు, తన నేల. క్రేన్ నేల మీద కాలు పెట్టి మాట పడటం అతనికి ఇష్టం లేదు.

కెప్టెన్ ఒక గరిటెడు తిని, ముల్లు చూసి, చెయ్యి చాపాడు. గొలుసు కదిలింది. అలా ఆగుతూ, తింటూ, చూస్తూ కొంత దూరం పోయేసరికి గొలుసు జాబెజ్ పందుల దొడ్డిని చీల్చుకుంటూ పోయింది.

"కెప్టెన్ గారూ, అది నా దొడ్డండీ!"

"నీ దొడ్డే. నేల మాత్రం సగం క్రేన్‌ది."

"అయ్యో, ఇదేంటి సోదరా," అన్నాడు క్రేన్. ఇద్దరూ ఒకే ప్రార్థన మందిరంలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లు. "నాకీ పందుల కంపెందుకు? మళ్లీ కొలిపిద్దాం."

 కెప్టెన్‌కి ఆకలి తీరలేదు కాబోలు అనుకున్నాడు జాబెజ్. రెండోసారి మరింత దగ్గరగా, కెప్టెన్ మోచేతికి కుండ ఆనేలా నిలబడి, అడక్కుండానే వడ్డించాడు. గీత ఈసారి పందుల దొడ్డిని వదిలేసింది. జాబెజ్ ఊపిరి పీల్చుకున్నాడు. దొడ్డిని మొత్తంగా క్రేన్‌కి వదిలేసి అది నేరుగా వంటింటి తలుపు వైపు పోతోందని తర్వాత చూశాడు.

పెద్ద స్టెబిన్స్ టోపీ తీసి లోపలికొచ్చాడు. "ఏమనుకోకు కెజయమ్మా, ఈ బల్ల కాస్త జరుపుతావా?"

"నా వంటింట్లో గొలుసేంటి?"

"సరిహద్దమ్మా."

గొలుసు గడప దాటి, పిండి పీపా పక్కనుంచి, పొయ్యికీ బల్లకీ మధ్యలోంచి, కిటికీలోంచి బయటికి పోయింది. పొయ్యి క్రేన్‌ది. పిండి పీపా క్రేన్‌ది. బల్ల టర్నెల్ వాళ్లది. క్రేన్ లోపలికొచ్చి, సిగ్గుపడుతూనే, పొయ్యి పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. మొదట అంచున కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి చేరబడ్డాడు.

"పొయ్యి పొగ చిమ్ముతున్నట్టుందే. ఎన్నాళ్లయింది గొట్టం దులిపి?" అన్నాడు.

"లే అక్కణ్నుంచి!" అంది కెజయా చీపురెత్తి.

"చెల్లెమ్మా, నేనేం నీ వైపు రాలేదే!"

జాబెజ్ పరుగున కెప్టెన్ దగ్గరికి పోయాడు. "ఇంకొక్కసారి చూడండి బాబూ. ఈ ఇల్లు మా నాన్న కట్టాడు. నేను పుట్టింది ఆ పొయ్యి పక్కనే!"

"అయితే నువ్వు క్రేన్ నేల మీద పుట్టావు. ముల్లుకి మీ నాన్న తెలీదోయ్," అన్నాడు కెప్టెన్. అయినా కుండలో గింజలు ఇంకా ఉన్నాయి కాబట్టి మూడోసారి కొలవడానికి ఒప్పుకున్నాడు. ఈసారి జాబెజ్ ఊపిరి బిగబట్టి, కుండను దిక్సూచి పక్కనే ఎత్తిపట్టి, ముల్లు వైపే చూస్తూ నిలబడ్డాడు. ముల్లు అతనికేసి ఆప్యాయంగా తిరిగింది. గీత ఇంటిని పూర్తిగా దాటి అవతలకు పోయింది. ఇల్లు, బావి, ఆవుల కొట్టం అన్నీ క్రేన్‌వే. జాబెజ్‌కి మిగిలింది చిత్తడి నేల, కొండమీది కట్టెల అడవి.

జాబెజ్ గడప మీద కూలబడ్డాడు. అది కూడా తనది కాదని గుర్తొచ్చి లేచాడు. ఏడవాలనిపించింది. ఎక్కడ నిలబడి ఏడవాలో తెలియలేదు.

"నేనేం రాక్షసుణ్నా సోదరా?" అన్నాడు క్రేన్. "నాకో ఇల్లుంది. నీ ఇల్లు నువ్వే ఉంచుకో. కానీ చట్టం చట్టమే కదా? కట్టెల అడవి సగం ఎలాగూ ఇద్దామనుకున్నావు. మొత్తం ఇచ్చెయ్. ఇల్లూ వాకిలీ నీకు రాసిచ్చేస్తా."

"మరి ఊట?" అంది కెజయా.

"ఊట మాట తర్వాత చూద్దాంలే చెల్లెమ్మా."

"చలికాలం మొత్తం ఏం కాల్చుకోవాలయ్యా?" అంది మొగుడితో.

"కాల్చుకోవడానికి పొయ్యంటూ ఉండాలి కదే!" అన్నాడు జాబెజ్. అంతకంటే గొప్ప మాట అతనికి తోచలేదు.

ఆ ఊళ్లో నేల చేతులు మారాలంటే ఇచ్చేవాడు ఆ నేలలోంచి ఒక మట్టిపెళ్ల పెకలించి, ఒక కొమ్మ గుచ్చి, సాక్షుల ముందు పుచ్చుకునేవాడి చేతిలో పెట్టాలి. పెట్టాక దేవుడు దిగివచ్చినా తిరుగులేదు. అందరూ కొండెక్కారు. జాబెజ్ తన అడవి మట్టిని, తన ఓక్ కొమ్మను క్రేన్‌కి ఇచ్చాడు. కిందికి దిగాక క్రేన్ కెజయా పెరట్లోంచి పెళ్ల తీసి, ఆమె నాటిన ఆపిల్ చెట్టు కొమ్మే విరిచి, పెద్దమనసుతో జాబెజ్ చేతిలో పెట్టాడు. సాక్షులు తలలూపారు.

"ఇక భోంచేద్దామా?" అన్నాడు కెప్టెన్.

"తినండి! నా ఇల్లూ తిన్నారు, అడవీ తిన్నారు, ఇదెందుకు మిగలడం!" అని జాబెజ్ కుండను దిక్సూచి పక్కన దభీమని పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగి కుండవైపు నిలబడింది. చిన్న స్టెబిన్స్ కుండను అటు జరిపాడు. ముల్లు అటు తిరిగింది. ఇటు జరిపాడు. ఇటు తిరిగింది. కెప్టెన్ నోట్లో గింజలు నమలడం మానేశాడు.

"నువ్వు ఇనప కుండతోటా నిలబడ్డావు నా పక్కన?" అన్నాడు.

"మీరే కదండీ తిన్నారు!"

కుండను ఇంట్లో పెట్టి, నాలుగోసారి ఏమీ తినకుండా కొలిచారు. గీత ఇంటి జోలికి రాలేదు. పందుల దొడ్డి జోలికీ రాలేదు. ఇంటికి బాగా పడమరగా, ముళ్ల పొదల్లోంచి నేరుగా పోయి, నాచు పట్టిన ఒక పాత మొద్దుకు తగిలింది. నాచు గీకి చూస్తే సరిహద్దు గుర్తుగా కొట్టిన తాతలనాటి గొడ్డలి గంట్లు. అదే తెల్ల ఓక్. వెనక్కి తిరిగి చూస్తే ఊట గీతకు ఈవల, జాబెజ్ నేలలో, గలగలమంటోంది. అది ఎప్పుడూ అతనిదే.

"అయితే నా అడవి నాకిచ్చెయ్ సోదరా," అన్నాడు జాబెజ్. 

క్రేన్ చేతిలోని మట్టిపెళ్లకేసి చూసుకున్నాడు. ఎండిపోతుందేమోనని కాస్త తడి చేశాడు కూడా, ఆ ఊట నీళ్లతోనే. "ఎలా కుదురుతుంది? సాక్షులున్నారు. నీ ఇల్లు నీకిచ్చానా లేదా?"

"అది నా ఇల్లే కదా!"

"అదే అంటున్నా. ఇప్పుడెవరైనా కాదంటారా?"

కెప్టెన్ సరంజామా సర్దుకుని గుర్రమెక్కాడు. కెజయా కడవ తీసుకుని ఊట దగ్గరికి పోయి, నింపుకొచ్చి, మొగుడికి లోటాతో ఇచ్చింది. నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో చల్లగా లేని వస్తువంటూ లేదు.