నమూనా పాఠ్యం: బొడ్డేపల్లి హైమావతి

డిజైన్ కాలేజీలో రెండో సంవత్సరం మొదలైన తొమ్మిదో రోజున, బొడ్డేపల్లి హైమావతి మాట్లాడే మాటలన్నింటినీ ఆ ఏడాదికి నమూనా పాఠ్యంగా ప్రకటిస్తూ ఆఫీసువారు ఉత్తర్వు ఇచ్చారు. ఆనాటి నుంచి ఆమె నోట ఏ మాట వచ్చినా అది ముప్పై రెండు మంది తోటి విద్యార్థుల కంప్యూటర్లలో, ఖాళీగా ఉంచిన గడుల్లోకి తనంతట తానే వచ్చి పడేది.

కారణం సబబైనదే. పేజీ అమరిక నేర్చుకునేవాళ్లకు శీర్షిక కింద నింపడానికి ఏదో ఒక రాత కావాలి, దాన్ని ఎవరూ చదవకూడదు. ఇంగ్లిషుకు అటువంటి రాత ఎప్పటినుంచో ఉంది, తెలుగుకు లేదు. ఏ వ్యాసం తెచ్చిపెట్టినా పిల్లలు చదివేస్తున్నారనీ, చదివి నవ్వుతున్నారనీ, ఒకరిద్దరు ఏడ్చారనీ ఫిర్యాదులు వచ్చాయి. అందుకని కమిటీ వేసి అందరి మాటల్నీ నెల రోజులు పరిశీలించారు. వత్తులు, గుణింతాలు సరైన పాళ్లలో ఉన్నదీ, వినేవాళ్ల ధ్యాసను ఎక్కడా పట్టి ఆపనిదీ హైమావతి మాటేనని కమిటీ తేల్చింది. పలాస నుంచి వచ్చిన ఆ పిల్ల మొదటేడంతా క్యాంటీన్లో ఒంటరిగా తిన్నదన్న సంగతి కూడా అర్హతల కింద నమోదైంది.

"గౌరవమే కదమ్మా," అన్నారు పేజీ అమరిక చెప్పే పరాంకుశం మాస్టారు. పేజీని తలకిందులుగా పట్టుకుని మార్కులు వేయడం ఆయన పద్ధతి. చదవడం మొదలుపెడితే అమరిక కనపడదని ఆయన నమ్మకం. హైమావతి ఎదురుపడి మాట్లాడితే ఇప్పుడు ఆయన తల పక్కకు వంచి, కళ్లు చిట్లించి వింటున్నారు.

మొదట్లో ఆమెకు ముచ్చటగానే ఉంది. తన మాట ముప్పై రెండు చోట్ల కనపడితే ఎవరికి చేదు? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా అని, ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో ధైర్యం చేసి నోరు తెరిచింది.

"అన్నం ఒక్కర్తినే తినలేకపోతన్నాను. ఎవరైనా వొచ్చి పక్కన కూకోండర్రా."

"ఎడమ అంచుకు సర్దితే బాగుంటుంది," అంది ఒకమ్మాయి. "కాదు, మధ్యకి పెడితేనే నిండుతనం," అన్నాడు ఎదుటివాడు. వాళ్ల వాదన పెరుగన్నం దాకా సాగింది. హైమావతి తన పళ్లెం తను కడుక్కుని వెళ్లిపోయింది. ఆ పూట ఆమెకు ఎంత దిగులేసిందంటే, గదిలో స్విచ్చి వేసి, వెలిగినందుకు లైటుకు థాంక్స్ చెప్పింది. అది కూడా ముప్పై రెండు పేజీల్లో పడింది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోందని, కాస్త మాత్ర ఉంటే ఇమ్మని తనతో గదిలో ఉండే నీలోఫర్‌కు చెప్పింది. నీలోఫర్ మంచి పిల్ల, చీమకైనా హాని చేయదు. 'జ్వరం' అన్న మాటలో వ వత్తు కింది వరుసకు తగులుతోందని వెంటనే గమనించి, తన కంప్యూటర్లో వరుసల మధ్య ఎడం రెండు పాయింట్లు పెంచింది. జ్వరం నాలుగో రోజుకు దానంతట అదే తగ్గింది.

ఉత్తర్వు రద్దు చేయమని హైమావతి అర్జీ పెట్టుకుంది. అర్జీలో ఉన్నదీ ఆమె మాటలే కాబట్టి ఆఫీసులో దాన్ని చదివే వీలు లేకపోయింది. అంచులు తీరుగా ఉన్నాయని సూపరింటెండెంటు మెచ్చుకుని, అర్జీ ఎలా ఉండాలో పిల్లలకు తెలియడానికి నోటీసు బోర్డుకు అంటించాడు.

ఆ తర్వాత ఆమె గొడవ పడలేదు. ఎంతసేపని గోడకు తల కొట్టుకుంటారు? చదువు మీద పడింది. తన మాటల్నే తీసుకుని, ఏ మాట ఎంత బరువు తూగుతుందో, ఎక్కడ ఎంత తెల్లచోటు వదలాలో నేర్చుకుంది. ఏడాది చివరి ప్రదర్శనలో, ఆనాటి క్యాంటీన్ మాటనే నిలువెత్తు కాగితం మీద అమర్చి పెట్టింది. పరాంకుశం మాస్టారు కాగితానికి వీపు తిప్పి, వంగి, కాళ్ల సందులోంచి తలకిందులుగా చూశారు.

"మచ్చ లేదమ్మా," అన్నారు. హైమావతికి నిజంగానే సంతోషం వేసింది. ఆమెకు మొదటి బహుమతి ఇచ్చారు.

జనం పలచబడ్డాక మొదటేడు చదివే సంధ్యావళి అనే పిల్ల ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. చదువుతోంది.

"అక్కా, ఇలా అడిగిందెవరో మీకు తెలుసా?" అంది హైమావతి దగ్గరికొచ్చి. "నాక్కూడా ఇక్కడ ఎవరూ లేరు. ఆవిడ ఒప్పుకుంటే రేపట్నుంచి నేనొచ్చి పక్కన కూర్చుంటాను."

ఏడాది పొడుగునా హైమావతి ఎదురుచూసిన జవాబు అది. ఆమె దాన్ని శ్రద్ధగా, మొదటి నుంచి చివరి దాకా చూసింది.

"రెండో వాక్యం మరీ పొట్టిగా ఉంది," అంది చాలా ప్రేమగా. "పక్కన తెల్లచోటు మిగిలిపోతంది. ఇంకో ముక్క కలుపు."

సంధ్యావళి మొహం చిన్నబోయింది. అయినా బుద్ధిమంతురాలు కనుక నోటుబుక్కు తీసి రాసుకుంది. "అలాగేనక్కా. సరిచేసుకుంటాను."

మర్నాటి మధ్యాహ్నం క్యాంటీన్లో ఇద్దరూ వేర్వేరు బల్లల దగ్గర, మధ్యలో కొలిచిపెట్టినట్టున్న ఎడంతో కూర్చుని భోంచేశారు. చూడటానికి చాలా బాగుంది.