ముప్పైరెండు గంటల ఆట

శనివారం పొద్దున మీరన్ అనుకున్నది చిన్న పనే. మొలకల సూప్ కాచి, ఐదో తరగతి చదివే కూతురు దాఉన్‌ను లెక్కల ట్యూషన్‌కు తరమాలి. ఇంతలో కిమ్చీ పచ్చడి గిన్నె కింద ఒక కాగితం కంటబడింది. విద్యా కార్యాలయంలో సర్వేలు లెక్కగట్టే భర్త జెపిల్ మరిచి వెళ్లినది. దాని ప్రకారం దాఉన్ తరగతి పిల్లలు వారానికి సగటున ఆడుకునేది 31.8 గంటలు.

మీరన్ వేళ్ల మీద లెక్కేసింది. దాఉన్ ఆడేది మూడు గంటలు, అదీ లిఫ్టు ముందు గెంతే గెంతులు కలిపితే. అందరూ ఆడి స్నేహాలు కట్టుకుంటుంటే తన పిల్ల ఒంటరిదై, తిండి మానేసి, మంచం పట్టి... సూప్ పొంగిపోయింది.

వెంటనే దాఉన్ క్లాస్‌మేట్ హాజిన్ వాళ్లమ్మకు ఫోన్ చేసింది. "హాజిన్ అమ్మా, మీవాడు వారానికి ఎంతసేపు ఆడతాడు? దాచకండి."

"మూడు గంటలు. ఏం?"

"మిగతావాళ్లు ముప్పైరెండట! పైకి ట్యూషన్లంటూ లోపల్లోపల ఆడిస్తున్నారు!"

"నాకప్పుడే అనుమానం! క్లాస్ లీడర్ పిల్లకి మోకాలి మీద దెబ్బుంది."

మధ్యాహ్నానికి వార్త అమ్మల గ్రూపంతా పాకింది, ట్యూషన్ ఖాళీ అయింది. లెక్కల మాస్టారు తెలివైనవాడు, గుమ్మానికి 'స్కిప్పింగ్ కోచింగ్' అని అట్ట తగిలించాడు. మీరన్ పరుగెత్తింది.

"లెవెల్ టెస్ట్ ఉందా సార్?"

"ఉందమ్మా. కానీ మీది పద్దెనిమిదో నంబరు, ఆగాలి."

"అమ్మా, కింద ఊరికే ఆడుకోనా?" అంది దాఉన్.

"పునాది లేకుండా ఎలా ఆడతావే!" అని కసిరి, గత్యంతరం లేక వదిలింది.

సాయంత్రం జెపిల్ రొప్పుతూ వచ్చాడు. "కొంప ముంచావు! అది తప్పు లెక్క. ముప్పై మందిలో తొమ్మిది మంది అమ్మలు సర్వేలో ఆట గంటల గడి ఖాళీగా వదిలారు. ఖాళీకి గుర్తుగా తొంభైతొమ్మిది వేస్తాం. దాన్ని పక్కనబెట్టమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం మరిచా. ఆ తొమ్మిది మందీ తలా తొంభైతొమ్మిది గంటలు ఆడినట్టు లెక్కేసింది. అసలు సగటు మూడే!"

"ఆ గడి నింపడానికి ఏం రోగమండీ వాళ్లకి?"

"నువ్వూ వదిలానన్నావుగా!"

మీరన్ గొంతు తగ్గింది. "ఎక్కువ రాస్తే చదివించనిదాన్నంటారు, తక్కువ రాస్తే రాక్షసినంటారు. భయమేసింది."

జెపిల్ గ్రూపుకు దిద్దుబాటు పంపబోయాడు. కిటికీలోంచి నవ్వు వినిపించింది. కింద ఇనుప కడ్డీకి దాఉన్, హాజిన్ తలకిందులుగా వేలాడుతున్నారు. దాఉన్ అంత గట్టిగా నవ్వడం మీరన్ ఈ ఏడాదిలో వినలేదు.

పడుతుందేమోనని కళ్లు మూసుకుని అంది. "దాఉన్ నాన్నా, అది కాస్త ఆలస్యంగా పంపితే మీ ఉద్యోగమేం పోదుగా?"

తరువాతి సర్వేలో ఆ గడిని ఎవ్వరూ ఖాళీగా వదల్లేదు. హాజిన్ అమ్మ పదమూడు వేసిందని కనుక్కుని, మీరన్ పద్నాలుగు వేసింది.