తిట్టడానికి ఓ ఓనరు కావాలి

పాఠక మహాశయులారా, మన కంప్యూటర్లో ఏముండాలో మనమే తేల్చుకోవడమంత అవివేకం లోకంలో మరొకటి లేదు! మన మంచిచెడ్డలు చూడటానికి ఎక్కడో ఓ కంపెనీ కాచుకుని కూర్చుంటే, మధ్యలో మన పెత్తనం ఏమిటి?

ఈ సత్యాన్ని మనసా వాచా నమ్మిన మనిషి ఓ బడి హెడ్మాస్టరు గారు. ఆ రోజు పదింటికి లెక్కల పరీక్ష. తొమ్మిదింటికి ప్రశ్నపత్రం ప్రింటు తీద్దామని కూర్చుంటే ఆఫీసు సాఫ్ట్‌వేరు అడ్డం పడింది. ‘మీ వెర్షన్‌కు కాలం చెల్లింది. కొత్తది వేస్తున్నాం’ అంది. కింద రెండు బటన్లు: ‘ఇప్పుడే’, ‘వెంటనే’.

చూశారా, ఒకటి కాదు, రెండు! ఇంతకన్నా స్వేచ్ఛ ఎవరిస్తారు?

ఆయన బాగా ఆలోచించి ‘వెంటనే’ నొక్కారు. తొమ్మిదిన్నరకి మూడు శాతం పూర్తయింది. ఆయన చొక్కా మాత్రం నూటికి నూరు శాతం తడిసింది.

టైపిస్టమ్మ తన లాప్‌టాప్ పట్టుకొచ్చింది. “సార్, ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉందిగా, ఇలా ఇవ్వండి. నా దగ్గర వేరే సాఫ్ట్‌వేరుంది. ఉచితం.”

“ఉచితమా!” హెడ్మాస్టరు గారు కుర్చీ వెనక్కి జరిపారు. “ఓనరెవరమ్మా?”

“ఓనరంటూ ఎవరూ లేరు సార్. ఎందరో కలిసి రాశారు. ఎలా రాశారో ఎవరైనా చూసుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు.”

“ఓనరు లేనిదాన్ని ఎలా నమ్ముతాం? రేపేదన్నా తేడా వస్తే ఎవర్ని తిట్టాలి?”

“ఇప్పుడు తేడా వచ్చింది కదా సార్. ఉన్న ఓనర్నే తిట్టండి.”

ఆయన పౌరుషంగా ఫోను తీశారు. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అంది ఓ తీయని గొంతు. తర్వాత వాయులీన సంగీతం. పావుగంట విన్నారు. తిట్టు నోటిదాకా వచ్చి వాయులీనం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

బయట నూట ఇరవై మంది పిల్లలు బెంచీల్లో సర్దుకుంటున్నారు. ఈ పరీక్ష తప్పిపోతే మళ్లీ రెండు నెలలదాకా లేదు. హెడ్మాస్టరు గారు పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగారు.

“నేను చూడలేదమ్మా. నువ్వేం చేశావో నాకు తెలీదు.”

పరీక్ష పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ప్రశ్నపత్రంలో ఒక త్రిభుజం కాస్త పక్కకి జరిగిందట. పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు. వాళ్ల ఫిర్యాదంతా లెక్క మీదే.

మధ్యాహ్నం ఆయన టైపిస్టమ్మని పిలిచారు. ఆమె మెచ్చుకోలు కోసం వచ్చింది.

“సర్క్యులర్ కొట్టమ్మా. ‘ఓనరు లేని సాఫ్ట్‌వేరు ఈ బళ్లో ఎవరూ వాడరాదు.’”

“దేంట్లో కొట్టమంటారు సార్?”

ఆయన తన కంప్యూటరు వంక చూశారు. నలభై ఒక్క శాతం. గొంతు తగ్గించారు.

“నీదాంట్లోనే కొట్టు. కింద నా పేరు కాస్త పెద్ద అక్షరాల్లో పెట్టాలి. కుదురుతుందా?”

“ఎంత కావాలంటే అంత సార్. మీ ఇష్టం.”

మీ ఇష్టం! పాపం, కంప్యూటరు ముందు కూర్చుని ఆ మాట వినడం ఆయనకిదే మొదటిసారి. “అలాంటి బటన్ కూడా ఉంటుందా?” అని అడిగారు.