హాజరు నూరు శాతం

"ఇకమీదట ఈ దేశంలో పాఠం వినడం ఉండదు. పాల్గొనడమే ఉంటుంది" అని స్వీడన్ ఉన్నత విద్యామంత్రి గున్‌వోర్ హల్‌స్ట్రం ప్రకటించింది. ప్రకటన ఎంత గొప్పగా ఉందంటే, విన్నవాళ్లంతా అప్పటికే పాల్గొన్నట్టు తృప్తిపడ్డారు.

వారం తిరక్కుండా ప్రతి లెక్చర్ హాల్లో ఒక తెర వెలిసింది. సరిగ్గా పదింటికి అది ప్రశ్నలడుగుతుంది. విద్యార్థులు ఫోన్లలో జవాబు నొక్కాలి. ఎక్కువమంది నొక్కకపోతే కోర్సు మూత, లెక్చరర్ ఇంటికి.

పథకంలో లోపం లేదు. లోపమల్లా దేశంలో ఉంది. అక్కడి యూనివర్సిటీల్లో పదింటి క్లాసంటే పదింబావుకి మొదలయ్యే క్లాసు. తాతల నాటి ఆచారం. కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పే ఇంగ్వార్ సెలిన్ కోర్సులో మొదటి వారం భాగస్వామ్యం సున్నా.

"ఇలాగే ఉంటే నేను బస్సు నడుపుకోవాలి" అన్నాడతను, ముందు వరుసలో కూర్చునే తిల్డాతో.

"నువ్వు నడిపితే బస్సు కూడా పావుగంట లేటే" అంది తిల్డా. ఆ దేశంలో రాజుగారిని తప్ప అందర్నీ నువ్వనే అంటారు. "పదింటికే మొదలుపెట్టొచ్చుగా?"

"ఉద్యోగం పోతే పోనీ. పావుగంట జోలికి మాత్రం రాకు."

"సరే, మాకొదిలెయ్."

తిల్డా, మిత్రులు ఒక ప్రోగ్రాం రాశారు. పదింటికి అందరూ కాఫీ క్యూలో ఉండగా ఫోన్లు వాటంతటవే జవాబులు పంపేవి. తెలియని ప్రశ్నకి "అవును" అనేవి. భాగస్వామ్యం నూరు శాతం. పదింబావుకి పిల్లలొచ్చి, కిక్కిరిసిన హాల్లో నిజంగానే పాఠం వినేవారు. దానికి మార్కుల్లేవు.

దేశంలోకెల్లా ఉత్తమ క్లాసుని చూడ్డానికి మంత్రి స్వయంగా బయల్దేరింది. సరిగ్గా పదింటికి వచ్చింది.

ఖాళీ బెంచీలు.

"పిల్లలేరీ?" అంది.

ఇంగ్వార్ తెర చూపించాడు. "పాల్గొంటున్నారు."

తెర మీద ఆకుపచ్చగా నూరు శాతం. మంత్రి తనే ఒక ప్రశ్న టైపు చేసింది: "ఈ సంస్కరణ మీకు నచ్చిందా?"

అందరూ అవునన్నారు. మంత్రి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మా పార్టీలో కూడా ఇంత ఐకమత్యం లేదు, ఇంగ్వార్."

"కాఫీ తాగి వెళ్లు. కాస్సేపట్లో పిల్లలు..."

"ఎందుకూ? మనుషులు లేకుండానే ఇంత జరుగుతుంటే హాలెందుకు, హీటరెందుకు?"

మంత్రి మాట కాబట్టి వెంటనే అమలైంది. పదింబావుకి పిల్లలొచ్చేసరికి హాలుకి తాళం. ఇంగ్వార్ చలిలో, మెట్ల మీద నిలబడి పాఠం చెప్పాడు.

"డేటా చేరాకే 'అందింది' అనాలి. చేరకుండానే అంటే, నెట్‌వర్క్ బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది."

పిల్లలు పగలబడి నవ్వారు. అతను నవ్వలేదు.

కోర్సు మూతపడలేదు. పైగా ఇంగ్వార్‌ని జాతీయ భాగస్వామ్య సంఘంలో సభ్యుణ్ణి చేశారు. హాలు తిరిగి అడగడానికి ఇదే అదనని అతను స్టాక్‌హోం రైలెక్కాడు. సమావేశం పదింటికి. మంత్రిగారి సంగతి తెలుసు కనక పదింటికే వెళ్లాడు.

కుర్చీలున్నాయి. మంచినీళ్లున్నాయి. మనుషుల్లేరు. చదువుకున్నవాళ్లే కదా, పదింబావుకి వస్తారనుకున్నాడు.

పదింబావైంది. ఎవరూ రాలేదు. గోడ మీద తెర వెలిగింది.

"లెక్చర్ హాళ్ల రద్దు తీర్మానం. హాజరు నూరు శాతం. అందరూ అవునన్నారు."

కింద పేర్లు. మొదటిది మంత్రిది. చివరిది ఇంగ్వార్ సెలిన్.