దొరవారి చదివింపు

సూర్యాపేట డేరా టాకీసులో తెర మొదటిసారి చిరిగింది సినిమా బాగున్నందుకే. నాటకంలో రాజు పద్యం పాడితే జనం 'వన్స్ మోర్' అంటారు, రాజు మళ్లీ పాడతాడు. చచ్చిన సేనాపతైనా సరే, లేచి, పాడి, మీసం సర్దుకొని మళ్లీ చస్తాడు. అది మర్యాద. మద్రాసు నుంచి డబ్బాలో వచ్చిన రాజుకు ఆ మర్యాద తెలియదు. జనం గొంతు చించుకుంటున్నా గుర్రమెక్కి పోయాడు.

"ఏం పొగరురా వీనికి!" అని ఎవరో చెప్పు విసిరారు.

అంతకుముందు మిర్యాలగూడలో, డబ్బాలు బస్సు దిగిన రోజే రాళ్లు పడ్డాయి. కోదాడ వాళ్లు కాస్త నాగరికులు. "రాజుగారు మళ్లీ పాడరేంటండీ?" అని అడిగి, ఆ తర్వాతనే గుంజలు పీకారు.

డేరా దొరవారిది. ఆయన పేరు చెప్పే ధైర్యం ఆ దిక్కున ఎవరికీ లేదు గనుక దొరవారు అంటే చాలు. కమ్యూనిస్టుల సంఘం గడబిడల్లో పట్నం పారిపోయి, మిలిటరీ వచ్చినంక తెల్లటోపీతో తిరిగొచ్చారు. వస్తూనే రెండు ప్రజాసేవలు చేశారు. సంఘం పంచిన భూములన్నీ వెనక్కి తీసుకున్నారు. భూమి పోయినోళ్లు దిగులు పడకుండా సినిమా తెచ్చారు.

సినిమా పేరు 'రాజ్యదానం'. అదే పేరున్న నాటకం నుంచి తీశారు. నాటకంలోని పద్యాలు ఒక్కటి తప్ప అన్నీ పీకేశారు. లేని నాట్యాలు దూర్చారు. కథ మాత్రం ముట్టుకోలేదు: రాజు దున్నేవాళ్లకు భూమంతా ఇచ్చేసి అడవికి పోతాడు.

ఆ నాటకంలో రాజు వేషం బిక్షపతిది. మిగతా పొద్దంతా గొర్లు కాస్తాడు. వాళ్ల నాయిన రాళ్లేరి సాగుకు తెచ్చిన చెలక కూడా దొరవారి చేతికే పోయింది. తొలకరి దగ్గరపడ్డది. ఈసారి విత్తనం పడకపోతే ఇంట్లో జొన్నగింజ ఉండదు. అట్లాంటి రోజున దొరవారి నుంచి పిలుపొచ్చింది.

"ఒరే బిక్షపతీ, కిరీటం పట్టుకొని రా. జనం వన్స్ మోర్ అంటే మిషన్ ఆపుతం. నువ్వు తెర ముంగట పాడు."

"పాడుత దొరా. జర నా చెలక సంగతి..."

"సూద్దాం. ముందుగాల పాడు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య రేణుకమ్మ కిరీటానికి తగరం అతికిస్తూ, "సూద్దాం అన్నడా? మీ నాయినకు గూడ గదే అన్నడు" అంది.

ఏర్పాటు దివ్యంగా కుదిరింది. తెర మీది రాజు పాడతాడు. జనం అరుస్తారు. మిషన్ ఆగి పెట్రోమాక్సు వెలుగుతుంది. గొర్ల వాసన రాజు వచ్చి పాడతాడు. నాటకాల నాటి చదివింపులు కూడా డేరాలోకి వచ్చి చేరాయి. పద్యం నచ్చినవాళ్లు కానుక పంపేవారు. రాజు రాగం ఆపి, "షావుకారు సోమయ్య కొత్త తువ్వాల చదివించినాడహో!" అని చాటేవాడు. పేరు చాటితే లేచి దండం పెట్టాల్సిందే. నలుగురిలో చాటినాక కాదన్న మొగోడు ఆ తాలూకాలో పుట్టలేదు.

ఆఖరి రోజు ఆటకు పట్నం నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి దొరవారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. దొరవారు ఉపన్యసించారు:

"మహాజనులారా! కళ ఎందుకున్నది? త్యాగం నేర్పుటకు. ఈ రాజును చూచి మనమందరం త్యాగం నేర్వవలె. బీదలు మరింత నేర్వవలె."

రాజు గుప్పెడు మన్ను రైతు దోసిట్లో పోసే పద్యం వచ్చింది. వన్స్ మోర్ మొదలైంది. బిక్షపతి వచ్చి, రాగం తీసి, సగంలో ఆపాడు.

"దయామయులు మన దొరవారు, కుంట మీది చెలకను బిక్షపతికి చదివించినారహో!"

డేరాలో బీడీ పొగ కూడా కదలలేదు. ఆఫీసరుకు ఈ త్యాగం నచ్చి చప్పట్లు కొట్టాడు. జనం కొట్టారు. దొరవారు లేచి, టోపీ సర్దుకొని, దండం పెట్టారు.

"వన్స్ మోర్!"

అడిగినాక కాదనగూడదు. "పెంటమ్మ మడి పెంటమ్మకే చదివించినారహో!" దొరవారు మళ్లీ లేచారు. ఆ తర్వాత మల్సూరు చెలక, ఆ పైన కాటయ్య బాయి. పెట్రోమాక్సులో నూనె అయిపోయేసరికి దొరవారికి మిగిలింది కూర్చున్న కుర్చీ.

తెల్లారి బిక్షపతి నాగలి కట్టుకుపోతే చెలక గట్టు మీద దొరవారున్నారు.

"ఏందిరా?"

"తమరు చదివిస్తిరి గద దొరా, నిన్న."

"నిన్న నువ్వెవరు?"

"రాజును దొరా."

"రాజు భూమంతా ఇచ్చి యాడికి పోయిండు?"

"అడివికి."

"పో మరి."

బిక్షపతి సాక్ష్యం కోసం తిరిగాడు. ఆఫీసరు, దొరవారి నటన అమోఘమనీ, దండం పెట్టేటప్పుడు మొహంలో దుఃఖం ఎంతో సహజంగా ఉందనీ మెచ్చుకొని జీపెక్కాడు. మల్సూరు, "నేను నీ దిక్కే సూస్తున్ననే అన్నా, దొర దిక్కు సూడలే" అన్నాడు. పెంటమ్మ కళ్లొత్తుకుంది. "మడి పోతే పోయింది గని బిడ్డా, పద్యం మాత్రం పానం లేపింది."

వానలు పడ్డాయి. చెలకలో దొరవారి జొన్న మొలిచింది. బిక్షపతి అందులోనే కూలికి కలుపు తీశాడు.

పంట ఇల్లు చేరినాక, ప్రజల కోరిక మీద 'రాజ్యదానం' మళ్లీ వచ్చింది. డేరా ముందు కొత్త బోర్డు పెట్టారు: 'పద్యం నడుమ చదివింపులు చాటరాదు.' చదువొచ్చినవాళ్లు చదివి రానివాళ్లకు చెప్పారు. మంచిపనే, రాగం చెడుతుందని అందరూ ఒప్పుకున్నారు.

బిక్షపతి ఎక్కడా ఆపకుండా పాడాడు. రాజు చేతి మన్ను రైతు దోసిట్లో పడుతుంటే డేరా డేరా అంతా ఏడ్చింది. అందరికన్నా ముందు "వన్స్ మోర్!" అన్న గొంతు ముందు వరుస కుర్చీలోంచి లేచింది.

అది దొరవారిది. వెనక నేల మీద కూర్చున్న వాళ్లంతా ఆయనతో గొంతు కలిపారు.