పెద్దల చేతుల మీదుగా ఒక సెలవు కాగితం

ఇవ్వవలసిన దాన్ని ఇవ్వవలసిన రోజునే ఇచ్చేయడం శుద్ధ అనాగరికం!

తొందరపడి తిట్టకండి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం మీ చేతికిచ్చి సైకిలెక్కి వెళ్లిపోతాడు. అతనికి ఎవరైనా దండ వేశారా? కిరాణా కొట్టువాడు చక్కెర పొట్లం కట్టి ఇస్తాడు. ఎవరైనా ఫోటో తీశారా? అదే పొట్లాన్ని ఒక పెద్దమనిషి చేతుల మీదుగా, మైకు ముందు, చప్పట్ల మధ్య ఇప్పిస్తే చక్కెరకెంత గౌరవం! ఆయన వచ్చేలోపు సగం చీమలు తినేసినా సరే, మిగతా సగం గౌరవంగా ఇంటికి వస్తుంది.

మా గోదావరి ఒడ్డున ఈ నాగరికత బాగా ముదిరింది. కొత్త బస్ షెల్టరు రిబ్బను కట్టుకుని ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తుంటే, ప్రయాణికులు దాని పక్కనే వానలో నిలబడి దాని అందం చూసి మురిసిపోయారు. ఇంకో ఏడాది వరదలకని మంజూరైన పడవలను, అతిథిగారికి వీలు చిక్కాక, పొడి ఇసుకలో పంచిపెట్టారు. తీసుకున్నవాళ్లు వాటిని భుజాన మోసుకుంటూ ఇళ్లకు పోయారు. నీళ్లలో పంచితే ఫోటోలు కదిలిపోవూ?

ఇంతటి సంస్కృతి విలువ తెలియక అవస్థపడిన మనిషి రుక్మిణి.

ఆమె టేకులపల్లి అవతల తండాలో పుట్టింది. భద్రాచలం వైపు ఒక కాలేజీలో బాటనీ లెక్చరరు. తల్లి బాలితో కలిసి చిన్నప్పుడు అడవిలో తవ్వి, ఉడకబెట్టుకుని తిన్న దుంపల లోపల ఏముందో కళ్లారా చూడాలని ఆమెకు తీరని కోరిక. కాలేజీలో ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపుకు అద్దం పోయి చాలా కాలమైంది. దాన్ని కూడా పెద్దల చేతుల మీదుగానే పుచ్చుకున్నారు మరి.

ఆమె ఆ దుంపల మీద రాసిన వ్యాసం ఒకటి ఎలాగో హాలెండు చేరింది. అక్కడి యూనివర్సిటీవాళ్లు దాన్ని చదివారు కూడా! మా దగ్గర ఏడాది పాటు పరిశోధన చేయండి, విమానం టికెట్టు, బస, స్కాలర్‌షిప్పు అన్నీ మావే, మీ కాలేజీ సెలవిచ్చినట్టు ఒక్క కాగితం జూన్ నెలాఖరుకల్లా పంపండి అని రాశారు.

తెల్లవాళ్లకు ఇదొక దురలవాటు. గడువు పెడతారు. పెట్టి ఊరుకోరు, పాటిస్తారు కూడా!

ప్రిన్సిపాల్ వెంకటరామారావుగారు సెలవు కాగితం మీద ఆ రోజే సంతకం చేశారు. సీలు వేశారు. రుక్మిణి చేయి చాచింది. ఆయన ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇంత పెద్ద కాగితాన్ని నా గదిలో ఫ్యాను కింద ఇస్తే ఏం బావుంటుందమ్మా? మంత్రిగారి చేతుల మీదుగా తీసుకుందువుగాని!"

సన్మాన కమిటీ అధ్యక్షుడు చెంచురామయ్యగారు అప్పటికే ఊరంతా కరపత్రాలు పంచేశారు. కోస్తా నుంచి పొగాకు సాగుకని వచ్చి, ఇప్పుడు సినిమా హాలు నడుపుతున్న పెద్దమనిషి ఆయన. రెండేళ్ల కిందట రుక్మిణి ఆయన ఇంటి వెనక పోర్షను కిరాయికి అడిగితే, తండా పిల్లని తెలిసి, ఖాళీ లేదన్నారు. ఆ పోర్షను ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అయితేనేం, మనసు మారింది!

"మా అమ్మాయి హాలెండు వెళ్తోందంటే ఊరందరికీ తెలియొద్దూ? వెళ్లాక సన్మానం చేద్దామంటే మనిషి దొరకదు కదండీ!" అన్నారాయన.

మంత్రిగారు మొదటిసారి వస్తానన్న రోజున పార్టీ మీటింగు పడింది. ఇంకోసారి దారిలో ఎవరి పెళ్లికో ఆగి, పెళ్లి భోజనం అరగక వెనక్కి తిరిగారు. కాలేజీ ఆవరణలో షామియానా వేయడం, పీకడం విద్యార్థులకు బాగా అలవాటైంది. ఆ ఏడాది వాళ్లు నేర్చుకున్న విద్య అదొక్కటేనని గిట్టనివాళ్లు అంటారు.

జూన్ కరిగిపోతోంది. రుక్మిణికి అన్నం సహించలేదు. చివరికి బీరువా తాళాలు చూసే అటెండరు రామ్‌చందర్‌ను బతిమాలింది.

"అన్నా, ఆ కాయితం జర తీసియ్యరాదా? పోస్టుల ఏస్త, నీ పేరు బయటికి రానియ్య."

"పోస్టుల ఎట్ల ఏస్తరు మేడం? సార్ దానికి అద్దాల ఫ్రేము కట్టించిండు!"

ఎట్టకేలకు సభ జరిగింది. జూలైలో. మంత్రిగారు ఫ్రేమును రుక్మిణి చేతిలో పెట్టి, ఫోటో బాగా పడలేదంటే వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టారు. మాట్లాడమంటే రుక్మిణి మైకు దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క మాట అంది.

"గడువు పోయిన నెలనే అయిపోయింది సార్."

కానీ మంత్రిగారు తక్కువవారా? టక్కున లేచి, "పిలిచినా దేశం విడిచి వెళ్లని త్యాగమూర్తి!" అన్నారు. చప్పట్లతో షామియానా ఎగిరిపోయింది. ఇంత విలువైన వస్తువు ఇంట్లో ఎందుకని కమిటీవారు ఆ ఫ్రేమును ఆమె దగ్గర తీసుకుని కాలేజీ హాలు గోడకు వేలాడదీశారు. రుక్మిణి ఆ సాయంత్రమే తండాకు వెళ్లి తల్లి ఒళ్లో పడి ఏడ్చింది. ఆనందం పట్టలేక ఏడ్చి ఉంటుందని కమిటీ అభిప్రాయం.

మరుసటి ఏడాది హాలెండువాళ్లు, సిగ్గూ ఎగ్గూ లేకుండా, మళ్లీ పిలిచారు. ఈసారి రుక్మిణి తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పచ్చకామెర్లు వచ్చాయని, ఏడాది సెలవు కావాలని దరఖాస్తు పెట్టింది.

ప్రిన్సిపాల్‌గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"అక్కడే, అక్కడే ఉండమ్మా! ఏడాది చాలా? పసరు మందు తాగు. పథ్యం జాగ్రత్త!"

అని సంతకం పెట్టి, సీలు కొట్టించి, కాగితాన్ని స్కేలుతో ఇవతలికి నెట్టారు. షామియానా లేదు, శాలువా లేదు, మైకు లేదు. చూశారా అనాగరికం! కాగితమంతా తెలుగులో ఉంది. హాలెండువాళ్లకు తెలుగు రాదు. గుండ్రటి సీలు చూసి వాళ్లు ఎంతో సంతోషించారు.

తర్వాతి సంగతి రామ్‌చందర్ ఉత్తరం రాస్తే రుక్మిణికి తెలిసింది, ఆమె చెబితే మనకు.

ఆమె హాలెండు చేరిందన్న కబురు ఊళ్లోకి రాగానే చెంచురామయ్యగారు మొదట అలిగారు. ఆ వెంటనే తేరుకున్నారు. మనిషి లేకపోతేనేం, ఫోటో లేదా? కాలేజీ హాల్లో వేదిక మీద, సింహాసనం లాంటి కుర్చీలో రుక్మిణి ఫోటో పెట్టారు. శాలువా కప్పారు. నిలువెత్తు గులాబీ దండ వేశారు. ముందర దీపం వెలిగించి, అగరొత్తులు గుచ్చారు. తల్లికి కూడా గౌరవం దక్కాలని తండాకు జీపు పంపారు.

"జల్దీ రా అవ్వా, నీ బిడ్డ సంగతే" అన్నాడు డ్రైవరు. అంతకు మించి అతనికీ తెలియదు.

బాలి హాలు గుమ్మంలో అడుగు పెట్టింది. బిడ్డ ఫోటో. దండ. దీపం. ఎదురుగా తెల్లబట్టల పెద్దమనుషులు, అందరూ మౌనంగా.

"అయ్యో నా బిడ్డా! దేశంగాని దేశం పోయి సచ్చిపోతివా!" అని గుండెలు బాదుకుంటూ కూలబడింది.

రామ్‌చందర్ పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"బతికే ఉన్నది అవ్వా! మంచిగ సదువుకుంటాంది. గిది సన్మానం!"

బాలి కళ్లు తుడుచుకుని లేచింది. తిన్నగా వేదికెక్కి, బిడ్డ ఫోటో మీది దండ తీసింది. ఆమెను ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"బతికున్నోళ్లకు గిట్ల దండలేస్తరా? పోయినేడు నా బిడ్డను ఏడిపించిన అద్దాల కాయితం ఏది?"

రామ్‌చందర్ గోడ వైపు వేలు చూపించాడు. బాలి కుర్చీ లాక్కుని, ఎక్కి, ఆ దండను ఫ్రేముకు వేసింది.

"సచ్చింది గిది. దీనికి మొక్కుండ్రి" అని దిగి, నడుచుకుంటూ బస్టాండుకు వెళ్లిపోయింది.

గులాబీలు ఎప్పుడో ఎండిపోయాయి. దారం మాత్రం ఇంకా ఆ ఫ్రేముకు వేలాడుతూనే ఉంది. తీసేయాలని అందరికీ ఉంది. కానీ ఎవరి చేతుల మీదుగా తీయించాలో కమిటీ ఇంకా నిర్ణయించలేదు.